దుమ్ము కాల్చింది, కాయితం మింగింది

పాశమైలారం మనకు దూరం కాదు. గుంటూరులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి పటాన్‌చెరులో దిగుతాం. పత్తి పోయి, పొగాకు పోయి, కూలి దొరకని ఏడాది మన కుర్రాళ్ళు ఆ దారే పడతారు. అందుకని అక్కడ జరిగిందాన్ని తెలంగాణ వార్తగా చదివి పక్కన పడేయొద్దని ముందే చెబుతున్నాం.

2025 జూన్ 30, సోమవారం. పొద్దున తొమ్మిది దాటింది. సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలో సిగాచి అనే కంపెనీలో పేలుడు జరిగింది. బిల్డింగు కూలింది. 54 మంది చనిపోయారు. వాళ్ళలో 46 మంది శవాలు దొరికాయి. 8 మందివి దొరకలేదు. బూడిద జల్లెడ పట్టారు, ఎముక ముక్కలకు డి.ఎన్.ఎ. పరీక్షలు చేశారు, ఆఖరికి ఆ ఎనిమిది మంది పూర్తిగా కాలిపోయి ఉంటారని చెప్పి కుటుంబాలను ఊళ్ళకు పంపారు. కొడుకు కోసం బీహారు నించి వచ్చిన తల్లికి పూడ్చుకోడానికి పిడికెడు బొగ్గు కూడా ఇవ్వలేకపోయిన పేలుడు అది.

మొదటి రోజు అందరూ రియాక్టర్ పేలిందన్నారు. మందుల కంపెనీలో పేలుడంటే రియాక్టరే అయ్యుంటుందని మనకు అలవాటైపోయింది. తర్వాత తెలిసిందేమంటే, పేలింది రియాక్టర్ కాదు. డ్రయర్. అంటే ఆరబెట్టే యంత్రం. అందులో ఉన్నది విషవాయువు కాదు, యాసిడ్ కాదు, పెట్రోలూ కాదు. తెల్లటి పొడి. మనం జొరమొస్తే మింగే మాత్రను గట్టిగా పట్టి ఉంచడానికి కలిపే పొడి. దాని పేరు మైక్రో క్రిస్టలైన్ సెల్యులోజ్. నాలిక మీద వేసుకుంటే రుచి ఉండదు, తింటే హాని లేదు.

ఇక్కడే గుంటూరు, ప్రకాశం జిల్లాల కూలీలం ఒక్క నిమిషం ఆగి ఆలోచించాల. సెల్యులోజ్ అంటే ఏదో విదేశీ రసాయనం కాదు. చెట్టు కొయ్యలో ఉండేది అదే. మన పత్తిలో ఉండేదీ అదే. దూదిలో వందకు తొంభై పాళ్ళు సెల్యులోజే. యాభై మందిని బూడిద చేసిన సరుకు, పత్తి మిల్లులో మన ఆడవాళ్ళ తలల మీద, కనుబొమల మీద తెల్లగా పేరుకునే సరుకు, రెండూ ఒకే జాతివి. ఆ మాట మనకెవరూ చెప్పలేదు. ఎందుకు చెబుతారు?

కొంచెం వివరంగా చెప్పుకుందాం. ఇది పెద్ద చదువులు చదివితేనే అర్థమయ్యే సంగతి కాదు. పొయ్యి వెలిగించే ప్రతి తల్లికీ సగం తెలిసిందే. తుమ్మ మొద్దు పొయ్యిలో పెడితే రాజుకోడానికి చాలాసేపు పడుతుంది. దాన్నే పేళ్ళుగా చీలిస్తే వెంటనే అంటుకుంటుంది. అదే కొయ్యను రంపం పొట్టు చేసి గుప్పెడు మంట మీద చల్లితే భగ్గుమని మీదికి లేస్తుంది. (పిల్లల చేత చేయించి చూడొద్దు, కనుబొమలు పోతాయి.) కొయ్య అదే, నిప్పు అదే. ఎంత సన్నగా నలిగితే గాలి అంత ఎక్కువగా తగులుతుంది, అంత జోరుగా మండుతుంది. ఆరుబయట చల్లిన పొట్టు భగ్గుమని ఆరిపోతుంది. అదే మూసిన గదిలోనో, ఇనుప గొట్టంలోనో, డ్రయర్ లోపలో గాలిలో లేచి ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే ఆ మంటకు బయటికి పోయే దారి ఉండదు. అప్పుడది మంట కాదు, బాంబు. పిండి అంతే, చక్కెర అంతే, తవుడు అంతే, పసుపు అంతే, పొగాకు దుమ్ము అంతే, దూది నుసి అంతే. కాలే వస్తువు ఏదైనా మెత్తగా నలిగి, బాగా ఆరి, గాలిలో లేస్తే మందుగుండే.

ఇంతకీ డ్రయర్ చేసే పనేంటి? సరుకును మెత్తగా ఉంచుతుంది, తేమ తీసేస్తుంది, వేడిగాలిలో ఎగరేస్తుంది. స్ప్రే డ్రయర్ అయితే నీళ్ళలో కలిపిన గుజ్జును వేడిగాలిలోకి చిమ్ముతారు. నీరు ఆవిరైపోయి పొడి రాలుతుంది. పేలుడుకు ఏమేం కావాలో అవన్నీ ఒకే డబ్బాలో చేర్చిపెట్టిన యంత్రం అన్నమాట. ఒక్క నిప్పురవ్వే తక్కువ. ఆ రవ్వ ఎక్కడినించి వస్తుంది? అరిగిపోయిన బేరింగు వేడెక్కి రావచ్చు. ఎర్తింగు లేని గొట్టంలో పొడి రాసుకుని పుట్టే కరెంటు వల్ల రావచ్చు. వెల్డింగు వల్ల రావచ్చు. ఇవేమీ లేకపోయినా, లోపలి గోడకు అంటుకున్న పొడి రోజులతరబడి అక్కడే ఉండి, మాడి, నల్లబడి, లోపల్లోపల రాజుకుని ఒకనాడు కణికలా ఊడి కింద పడొచ్చు. దాన్ని ఆపాలంటే ఏం చేయాల? యంత్రం ఆపాల. చల్లారనివ్వాల. లోపల గోకి శుభ్రం చేయాల. యంత్రం ఆపితే ఆ పూట ఉత్పత్తి ఉండదు. సంగతంతా ఇక్కడే ఉంది.

ఇంకో ముఖ్యమైన విషయం. దుమ్ము పేలుళ్ళలో మనిషిని ఎక్కువగా చంపేది మొదటి పేలుడు కాదు, రెండోది. యంత్రం లోపల చిన్నగా ఒకటి పేలుతుంది. ఆ అదురుకు దూలాల మీద, రేకుల మీద, గొట్టాల పైన, లైట్ల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్మంతా ఒక్కసారిగా గాలిలోకి లేస్తుంది. దానికి మంట అంటుకుంటే షెడ్డుకు షెడ్డే పేలుతుంది. ఆ దుమ్ము మందం చాలా ఉండక్కర్లేదు. గది నిండా ఒక మిల్లీమీటరు కూడా లేకుండా పరుచుకున్నా చాలునని నిపుణులు లెక్క కట్టారు. గోరుతో గీస్తే గీత పడేంత దుమ్మన్నమాట. మన మిల్లుల్లో దూలాల మీద గోరు కాదు, వేలు దిగుతుంది.

ఇది నిన్న మొన్న కనిపెట్టింది కూడా కాదు. 1785 డిసెంబరులో ఇటలీలోని టురిన్ నగరంలో ఒక రొట్టెల వ్యాపారి గోదాములో పిండి పేలింది. దుమ్ము పేలుడు గురించి రాసి ఉంచిన తొలి నివేదికల్లో అదొకటి. ముఖమూ చేతులూ కాలింది ఎవరికో తెలుసా? కింద పిండి ఎత్తుతున్న పనికుర్రాడికి. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో 2008 ఫిబ్రవరి 7న ఇంపీరియల్ షుగర్ అనే చక్కెర ఫ్యాక్టరీ పేలి 14 మంది కార్మికులు చనిపోయారు. అక్కడ కూడా మొదటి పేలుడు చిన్నది, దూలాల మీది చక్కెర దుమ్ము లేచి వచ్చిందే పెద్దది. చక్కెర దుమ్ము పేలుతుందని ఆ పరిశ్రమకు 1925 నించే తెలుసునని విచారణ చేసినవాళ్ళు తేల్చారు. ఎనభై మూడేళ్ళుగా తెలుసు. తెలిసి జరిగిందాన్ని ప్రమాదం అనొచ్చా?

మన దేశంలో చట్టానికీ తెలుసు. 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్ ఈ దుమ్ము గురించే. పేలే స్వభావమున్న దుమ్ము పుట్టేచోట యంత్రాన్ని గట్టిగా మూసి ఉంచాలని, దుమ్ము పేరుకోకుండా తీసేయాలని, నిప్పు పుట్టే అవకాశాలన్నీ దూరంగా పెట్టాలని, పేలినా వత్తిడి బయటికి పోయే ఏర్పాటు ఉండాలని అందులో రాసి ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు రాసిన మాట. ఆ సెక్షన్‌ను ఇన్నేళ్ళలో మన పల్నాటి సీమలో, ఒంగోలు సీమలో ఎన్ని మిల్లులు చదివాయో, ఎంతమంది ఇన్‌స్పెక్టర్లు దూలం మీద వేలు పెట్టి చూశారో మీ మీ మిల్లుల దగ్గర మీరే లెక్క తీయండి.

ఇక మన నేల సంగతికి వద్దాం.

పత్తి మిల్లు. సీజన్లో రాత్రింబగళ్ళు ఆడుతుంది. పత్తిలో చిన్న రాయి, మేకు, తీగముక్క వస్తుంది. అది యంత్రంలో కత్తికి తగిలితే రవ్వ. ఆ రవ్వ దూదిలో కూర్చుని గొట్టాల వెంట గాలితో పాటు పోతుంది. కుప్ప మీద పడితే అక్కడే మంట. బేలులోకి పోతే ఇంకా మోసం, 170 కేజీల బేలు నడిమధ్యన చప్పుడు లేకుండా రోజుల తరబడి రాజుకుని గోదాములో రాత్రిపూట బయటపడుతుంది. గొట్టంలో అయస్కాంతం పెడితే ఇనపముక్క చాలావరకు ఆగుతుంది. రవ్వను పసిగట్టే పరికరాలు కూడా ఎప్పుడో వచ్చాయి. అవి పెట్టని మిల్లులో నిప్పు పసిగట్టే పరికరం ఒకటే, కుప్ప దగ్గర నిలబడ్డ కూలిమనిషి ముక్కు. మంట లేచాక దాన్ని ఆర్పడానికి సంచులతో కొట్టేదీ ఆ కూలిమనిషే. దూది మంటను సంచితో కొడితే ఏమవుతుంది? నుసి గాలిలోకి లేస్తుంది. పైన చెప్పుకున్నదంతా మళ్ళీ చదవండి.

పొగాకు బ్యారన్. ఇదీ డ్రయరే, కాకపోతే ఇటుక గోడల డ్రయర్. పొగాకు బోర్డు గుంటూరులో 1976లో పుట్టింది. ఎంత ఆకు పండించాలో, ఏ బ్యారన్‌కు లైసెన్సు ఉందో, ఏ వేలం కేంద్రంలో ఎంత ధర పలికిందో దాని దగ్గర లెక్క ఉంటుంది. టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో బ్యారన్ కింద పని చేసినవాళ్ళకు చెప్పేదేముంది? ఆకు కర్రలకు గుచ్చి అరల మీద ఎక్కిస్తారు. కింద ఇనప గొట్టాల్లో వేడి తిరుగుతుంది. మొదట ఆకు పండుతుంది, తర్వాత ఆరుతుంది, చివర ఈనె ఆరాల. ఈనె ఆరే దశలో లోపల 70 డిగ్రీల దాకా పెంచుతారు. అప్పటికి ఆకు అప్పడంలా ఉంటుంది. కర్ర మీదినించి ఒక్క ఆకు జారి కాలే గొట్టం మీద పడితే చాలు. తుప్పు పట్టి చిల్లు పడిన గొట్టమైతే ఆకు పడక్కర్లేదు కూడా, రవ్వే పైకి వస్తుంది. గొట్టాల మీద ఇనుప జల్లెడ కప్పితే, ఏటా గొట్టాలు మారిస్తే చాలావరకు ఆగే నిప్పు ఇది. తెల్లవార్లూ పొయ్యి ఎగదోసేవాడు నిద్ర ఆపుకోలేక కునుకు తీశాడని నెపం వాడి మీద వేయడం సులువు. రెండు రాత్రులు వరసగా కాపలా పెట్టింది ఎవరు? బ్యారన్ తగలబడితే ఎన్ని లక్షల ఆకు పోయిందో పేపరులో వస్తుంది. లోపలి కర్రలు లాగబోయిన మనిషి చేతులు ఏమయ్యాయో రాదు. బ్యారన్ ఫ్యాక్టరీ కాదు గనక ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు అటు రాడు. వ్యవసాయ కూలీ గనక లేబరు ఆఫీసు లెక్కలోనూ సరిగ్గా పడడు. బ్యారన్‌కు లైసెన్సు నెంబరుంది. పొయ్యి ఎగదోసేవాడికి ఏ నెంబరూ లేదు. లైసెన్సు ఇచ్చేటప్పుడు గొట్టాలు, జల్లెడ చూసి ఇమ్మని బోర్డును అడిగే హక్కు మనకుంది. ఆకు నాణ్యత చూడగలిగినవాళ్ళు గొట్టం చిల్లు చూడలేరా?

మిరప సంగతి క్లుప్తంగా చెబుతాం. ఎండుమిర్చి చాలావరకు కల్లంలో ఎండకే ఎండుతుంది, ఎండ ఎవరినీ పేల్చదు. కారం ఆడించే మిల్లు వేరు. అక్కడ దుమ్మూ ఉంది, సుత్తుల వేడీ ఉంది. తుమ్ముతూ, కళ్ళు మండుతూ పని చేసే మనిషికి నిప్పు వాసన తెలియదు. అకాల వానలకు భయపడి మిర్చిని వేడిగాలితో ఆరబెట్టే యంత్రాలు దింపేచోట ఇప్పుడే అడగండి, ఉష్ణోగ్రత మితిమీరితే తానంతట తాను ఆగే ఏర్పాటు ఉందా అని.

ఇప్పుడు అసలు ప్రశ్న. డ్రయర్ లోపలికి దిగి గోకేది ఎవరు? దూలాలెక్కి దుమ్ము దులిపేది ఎవరు? దుమ్ము గదిలో గోతాలు పట్టేది ఎవరు? ఏ మిల్లుకైనా పోయి చూడండి. ఆఫీసు గదిలో ఒక కులం, కాటా దగ్గర ఒక కులం, యంత్రం మీట దగ్గర ఒక కులం, చీపురు దగ్గర మనం. ఒకప్పుడు బొంబాయి బట్టల మిల్లుల్లో మనవాళ్ళను నేత విభాగంలోకి రానిచ్చేవాళ్ళు కాదు. తెగిన దారాన్ని నోటితో తడిపి అతకాలి గదా, మన నోరు తగిలితే దారం మైలపడుతుందని. కార్మిక సంఘాలు కూడా దీన్ని పట్టించుకోలేదని బాబాసాహెబ్ అంబేద్కర్ ఎండగట్టారు. ఆనాడు మంచి కూలి దొరికే చోటి నించి అంటరానితనం మనల్ని బయటికి తోసింది. ఈనాడు దుమ్ము పేరుకునే చోటికి అదే అంటరానితనం మనల్ని లోపలికి తోస్తోంది. ఊడ్చే పని అని పేరు పెట్టారు గానీ, ఆ మిల్లులో అన్నిటికంటే నైపుణ్యం కావలసిన పని అది. గాలి కొట్టి దులిపితే దుమ్ము లేస్తుంది, యంత్రం తిరుగుతుండగా చీపురుతో కొడితే లేస్తుంది. తడిబట్టతో తుడవాల, లేదా పీల్చే యంత్రంతో తీయాల. ఈ మాట నేర్పించి, దానికి తగ్గ కూలి ఇచ్చి, యంత్రం ఆపి చేయించాల్సిన పని. మనకేమో చీపురిచ్చి రోజు కూలిలో కోత పెడతారు.

ఇంకొకటి, సూటిగా మనోళ్ళతోనే అనాల. సిగాచిలో పోయినవాళ్ళలో చాలామంది బీహారు, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నించి వచ్చినవాళ్ళు. మన జిల్లాల మిల్లుల్లోనూ ఇప్పుడు వాళ్ళు కనిపిస్తున్నారు. వాళ్ళొచ్చి మన కూలి పడగొట్టారని కొందరు గొణుగుతున్నారు. కూలి పడగొట్టింది వాళ్ళు కాదు, ముఠా మేస్త్రీ చేత వాళ్ళను తెప్పించినవాడు. భాష రానివాడు యంత్రం మీది హెచ్చరిక చదవలేడు. ఊరు కానివాడు చనిపోతే గేటు ముందు ధర్నా చేసే మనుషులుండరు. మన జాగాలో వాళ్ళను పెట్టుకున్నది ఆ రెండు లాభాల కోసమే. వాళ్ళ పేర్లు కూడా మన జాబితాలో ఉండాల.

కాయితం సంగతి ఇప్పుడు. చట్టం మారిందన్న సంగతి చాలామందికి ఇంకా తెలియదు. 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు లేబరు కోడ్లను అమల్లోకి తెచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం జాగాలో వృత్తి భద్రతా కోడ్ వచ్చింది, 1923 నష్టపరిహారం చట్టం జాగాలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. పాత చట్టంలో కరెంటుతో నడిచేచోట 10 మంది ఉంటే అది ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో 20 మంది కావాల. కరెంటు లేనిచోట 20 పోయి 40 అయింది. పదిహేను మందితో ఆడే కారం మిల్లు, చిన్న జిన్నింగు షెడ్డు నిన్నటిదాకా ఫ్యాక్టరీ, ఇవాళ కాదు. దుమ్ము మాత్రం తలలు లెక్కపెట్టి పేలదు గదా! అయితే ప్రమాదకరమైన పని జరిగే చోట్లను ఎంతమంది ఉన్నారన్న దానితో పని లేకుండా కోడ్ కిందికి తెచ్చే అధికారం ప్రభుత్వం చేతిలో ఉంది. దుమ్ము పుట్టే మిల్లులన్నిటినీ, డ్రయర్లు ఉన్న చోట్లన్నిటినీ దానికిందికి తెమ్మని జిల్లా కలెక్టర్లకు అర్జీలు పెట్టాల. అదే కోడ్‌లో మనం పట్టుకోవలసింది ఇంకొకటుంది. పనిలో పెట్టుకున్న ప్రతివాడికీ నియామక పత్రం ఇవ్వాలన్న మాట. మేస్త్రీ నోటిమాట మీద మిల్లులోకి పోయే రోజులు పోవాలంటే ఆ పత్రం అడగడం మొదలుపెట్టాల.

ఆ పత్రం ఎందుకో లెక్క వేసి చూపిస్తాం. ఇ.ఎస్.ఐ. ఉన్నచోట పింఛను, వైద్యం దాని కిందికి వస్తాయి. ఇ.ఎస్.ఐ. లేనిచోట పనిలో చనిపోతే పరిహారం ఇలా కడతారు: నెల కూలిలో సగం తీసుకుని, వయసును బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో హెచ్చించాల. నలభై ఏళ్ళకు ఆ అంకె 184.17. నెలకు 12,000 కూలి ఉన్న నలభై ఏళ్ళ మనిషి పోతే 6,000ను 184.17తో హెచ్చిస్తే 11,05,020 రూపాయలు. అదే మనిషికి మిల్లు పుస్తకంలో 6,000 కూలి అని రాసి ఉంటే? 3,000ను హెచ్చించాల. 5,52,510 రూపాయలు. అంటే సగానికి సగం. ఆ సగం మంటల్లో కాలలేదు. మంట రాకముందే, ప్రతి నెలా, మనం వేలిముద్ర వేసినప్పుడే పోయింది. పుస్తకంలో పేరే లేకపోతే ఇంకేముంది, మొత్తం పోయినట్టే. సిగాచిలో ఎంతమంది లోపల ఉన్నారు, ఎంతమంది కనపడటంలేదన్న లెక్క రోజుల తరబడి మారుతూ వచ్చిన సంగతి గుర్తుంచుకోండి.

చనిపోకుండా కాలి బతికినవాళ్ళకూ హక్కుంది. పూర్తిగా పనికి పనికిరాకుండా పోతే కూలిలో సగానికి బదులు వందకు అరవై లెక్కన హెచ్చించాల. కొంత పోతే అందులో అంత భాగం. వైద్యానికైన ఖర్చు యజమానే ఇవ్వాల. మంచాన ఉన్న రోజులకు పదిహేను రోజులకోసారి నెల కూలిలో పావు వంతు ఇవ్వాల. నెలలోపు డబ్బు కట్టకపోతే నూటికి పన్నెండు వడ్డీ. కాంట్రాక్టరు మనిషివి, నాకు సంబంధం లేదని మిల్లు యజమాని అంటే చెల్లదు, ముందు అతనే కట్టి తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాల. క్లెయిము రెండేళ్ళలోపు వేయాల.

అన్నిటికంటే ముఖ్యమైంది, రాజీ. శవం ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ఊరి పెద్దమనుషులు కూర్చుంటారు. అంతో ఇంతో ఇప్పిస్తాం, కేసు వద్దు, మళ్ళీ పనికి పోవద్దా అంటారు. స్టాంపు కాయితం మీద ఆ ఇల్లాలి వేలిముద్ర తీసుకుంటారు. ఆ కాయితం చట్టం ముందు చెల్లదు. మరణానికి ఇచ్చే పరిహారం అధికారి దగ్గర డిపాజిట్ చేయాల్సిందే, నేరుగా చేతిలో పెట్టింది పరిహారం కిందికి రాదని 1923 చట్టమే చెప్పింది, కొత్త కోడ్ కూడా ఆ పద్ధతినే ఉంచింది. వేలిముద్ర వేసినవాళ్ళు కూడా భయపడకుండా క్లెయిము వేయొచ్చు. పాశమైలారం కుటుంబాలకు కోటి రూపాయలు ప్రకటించారు. అది దేశమంతా చూసింది గనక, యాభై నాలుగు మంది గనక. ఒక్కడే కాలిన చోట కోటి మాట ఎవరూ ఎత్తరు. అక్కడ మనకు దిక్కు ఈ లెక్కే.

కాలినప్పుడు ఏం చేయాలో కూడా ఇక్కడే రాస్తున్నాం, చదువు రానివాళ్ళకు చదివి వినిపించండి. ఒంటికి మంట అంటుకుంటే పరుగెత్తొద్దు, నేల మీద పడి దొర్లాల, దుప్పటో గోనెపట్టానో కప్పాల. మంట ఆరాక చల్లటి మామూలు నీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పోయాల. ఐసు పెట్టొద్దు. పసుపు, పేస్టు, ఇంకు, గుడ్డుసొన ఏదీ పూయొద్దు. గాజులు, ఉంగరాలు, మెట్టెలు వాపు రాకముందే తీసేయాల. చర్మానికి అంటుకుపోయిన బట్టను లాగొద్దు. నైలాను, పాలిస్టరు చీరలు కరిగి ఒంటికి అతుక్కుంటాయి, మిల్లు పనికి నూలు బట్టలే కట్టుకోవాల. ముక్కులో వెంట్రుకలు మాడినా, గొంతు బొంగురుపోయినా, ఉమ్ములో మసి కనపడినా పైకి బాగానే ఉన్నాడని ఆగొద్దు, 108కి ఫోను చేయాల. లోపల గొంతు వాచిపోయే ప్రమాదముంది. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే ఫలానా మిల్లులో, ఫలానా యంత్రం దగ్గర, పని చేస్తుండగా కాలిందని చెప్పి అలాగే రాయించాల. వెంట వచ్చిన మేస్త్రీ ఇంట్లో స్టవ్ పేలిందని చెప్పబోతే అడ్డం తిరగాల. ఆ ఒక్క వాక్యం మీదే కేసు నిలబడుతుంది. మానిన తర్వాత వేళ్ళు అతుక్కుపోయినా, మోచెయ్యి వంగకపోయినా ఎంతవరకు పని పోయిందో సర్టిఫికెట్ తీసుకోవాల.

ఈ సంచిక చేరిన ప్రతి గూడెంలో ఒక నోటుబుక్కు కొనండి. పది రూపాయల పుస్తకం చాలు. పొద్దున మిల్లుకో, బ్యారన్‌కో, కంపెనీకో పోయే ప్రతి మనిషి పేరు, ఊరు, మేస్త్రీ పేరు, ఆ రోజు కూలి ఎంతో రాయండి. బయటి రాష్ట్రాల వాళ్ళను కూడా అడిగి రాయండి. నెలకోసారి ఒక పేజీ దుమ్ము కోసం ఉంచండి. దూలం మీద ఎంత మందం ఉంది, యంత్రం చివరిసారి ఎప్పుడు ఆపి కడిగారు, గొట్టాలకు ఎర్తింగు ఉందా లేదా. నెల నిండాక ఆ పేజీల నకలు ఒకటి కలెక్టరాఫీసు గ్రీవెన్సులో ఇచ్చి రశీదు తీసుకోండి, ఒకటి మాకు పంపండి. పుస్తకం మాత్రం మిల్లులో ఉంచొద్దు, ఇంట్లో ఉంచండి.